10 హెర్ట్జ్ దగ్గర ఆల్ఫా అడ్డొస్తోంది: ఎస్ఎస్‌వీఈపీలో ఎలా విడదీయాలి?

మినుకుమనే వెలుగుని చూస్తే మెదడు తరంగాల్లో (ఈఈజీ) అదే వేగంతో వచ్చే స్పందనే ఎస్ఎస్‌వీఈపీ; దాన్ని బట్టి మనిషి తెర మీద ఏ గడిని చూస్తున్నాడో కనిపెట్టి దాన్నే ఎంపిక చేసే ఏర్పాటు నాది. ఆల్ఫా అంటే ఊరికే కూర్చున్నా, కళ్లు మూసినా 10 హెర్ట్జ్ చుట్టుపక్కల మెదడులో దానంతట అదే వచ్చే తరంగం. 60 హెర్ట్జ్ మానిటర్ మీద నాలుగు గళ్లు మినుకుమంటాయి: 7.5, 8.57, 10, 12 హెర్ట్జ్. అంటే వరసగా 8, 7, 6, 5 ఫ్రేములకో చుట్టు. 15 కావాలనే పెట్టలేదు, 7.5కి రెండో హార్మోనిక్ (రెట్టింపు వేగం) అదే కదా. ఎలక్ట్రోడ్లు తల వెనక ఓజెడ్, ఓ1, ఓ2 అనే చోట్ల, రిఫరెన్స్ చెవి తమ్మెకి. సెకనుకి 250 శాంపిళ్లు, కరెంటు రొద తీసేసే 50 హెర్ట్జ్ నాచ్ ఫిల్టర్, 6 నుంచి 40 దాకా బ్యాండ్‌పాస్, రెండు హార్మోనిక్‌లతో సీసీఏ (సిగ్నల్ ఏ గడి వేగంతో ఎక్కువ పోలుతుందో లెక్కగట్టే పద్ధతి), 2 సెకన్ల విండో.

చిక్కల్లా 10తోనే. మనిషి ఏ గడినీ చూడకుండా ఊరికే కూర్చున్నా, కాస్త కళ్లు వాలినా, 10 ఎంపికైపోతోంది. ఫోటోడయోడ్ పెట్టి చూస్తే ఫ్రేములు జారడం లేదు. తెరకి అట్ట అడ్డం పెడితే మిగతా మూడూ పోతున్నాయి, 10 మాత్రం ఉంటోంది. కాబట్టి ఇది వైర్లు పట్టే రొద కాదు, ఆల్ఫానే.

ఆల్ఫా వెడల్పాటి దిబ్బలా, మినుకు స్పందన సన్నటి మొనలా కనిపించాలి. కానీ సిగ్నల్‌ని ఫ్రీక్వెన్సీలుగా విడదీసే ఎఫ్‌ఎఫ్‌టీలో 2 సెకన్లకి ఒక్కో బిన్ (మెట్టు) అర హెర్ట్జ్, అంత ముతకలో తేడా తెలియట్లేదు. 4 సెకన్లకి పెంచితే బాగానే విడిపోతోంది గానీ, ఒక్కో ఎంపికకి అంతసేపంటే వాడేవాళ్లకి విసుగు.

పక్క బిన్‌ల సగటుతో భాగించి త్రెషోల్డ్ పెట్టడం మేలా, ఫిల్టర్ బ్యాంక్ సీసీఏకి (సిగ్నల్‌ని కొన్ని బ్యాండ్‌లుగా విడగొట్టి ఒక్కోదానికీ సీసీఏ చేసే పద్ధతి) మారి 20, 30 హెర్ట్జ్ హార్మోనిక్‌లకి బరువు పెంచడం మేలా? లేక 10ని తీసేసి, సైన్ తరంగంలా వెలుగు మార్చే పద్ధతిలో 13 పెట్టుకోవాలా? ఇప్పుడున్న మూడు ఎలక్ట్రోడ్లకి తోడు, వాటికి కాస్త ముందుండే పీఓ3, పీఓ4 కూడా కలిపితే 2 సెకన్లలోనే సరిపోయిందా ఎవరికైనా? వాడిన త్రెషోల్డ్ అంకె కూడా చెప్తే మంచిది.