తుంగలో తొక్కడం: ఇంతకీ ఏ తుంగ?

ఫిలడెల్ఫియా నుంచి ఒక సభ్యురాలు:
మా ఊరి విమానాశ్రయాన్ని ఆనుకుని టినికం అనే చిత్తడి నేల ఉంది. డెలావేర్ నదిలో కలిసే డార్బీ వాగు పక్కన, రోజుకు రెండుసార్లు పోటుకు మునిగి తేలుతుంది. అయినా నీళ్లు మంచినీళ్లే. సముద్రం నదిని వెనక్కి నెట్టగలదు గానీ ఉప్పు మామూలుగా అంత ఎగువకు రాదు. ఒకప్పుడు 5,700 ఎకరాలకు పైనే ఉన్న నేలను కట్టలు పోసి, పూడ్చి 200 ఎకరాలకు తెచ్చారు. 1972లో చట్టం వచ్చాక ఆ కాస్తా నిలిచింది. మా సంఘం పత్రికకు దీని మీద రాస్తూ "ప్రకృతిని తుంగలో తొక్కారు" అన్నాను. "పూడ్చిందే తుంగను కదమ్మా, మళ్లీ తుంగలో తొక్కడమేమిటి?" అని మామయ్య నవ్వారు. పెద్దలు చెప్పాలి.

సంస్కృతం పంతులు:
తుంగమంటే ఎత్తైనది. ఉత్తుంగ తరంగాలు అంటాం కదా. ఎత్తున ఉన్నదాన్ని కిందికి తొక్కడమేమో.

కొల్లేటి మాస్టారు:
పంతులుగారూ, అలాగైతే "తుంగను తొక్కారు" అని ఉండాలి. మన జాతీయంలో ఉన్నది "లో". తొక్కింది మాటను, నిబంధనను. తొక్కిన చోటు తుంగ. గట్టు మీది తుంగలో ఏం తొక్కినా కనిపిస్తూనే ఉంటుంది. నీళ్లలో దుబ్బులు కట్టిన తుంగలో కాలు పెట్టి చూడండి, మోకాలి దాకా దిగుతుంది. చిన్నప్పుడు నా చెప్పు ఒకటి అలాగే పోయింది, పైన దుబ్బు మూసుకుంది. ఇప్పటికీ అక్కడే ఉంటుంది. ఈ జాతీయం ఆ బురదలోనే పుట్టిందని నా నమ్మకం.

రైతుబిడ్డ:
మా చేలో దమ్ము చేసేటప్పుడు తుంగనే బురదలోకి తొక్కుతాం మాస్టారూ. అయినా చావదు. అడుగున గడ్డలు, అదే తుంగముస్తెలు, ఉంటాయి. నెల తిరక్కుండా మళ్లీ మొలుస్తుంది. తుంగలో తొక్కిన హామీలూ అలా మొలిస్తే బాగుండును!

కొల్లేటి మాస్టారు:
అక్కడ "తుంగను", ఇక్కడ "తుంగలో". విభక్తి దగ్గర నేను తగ్గను. అమ్మా, మీ టినికంలో ఉన్నది తుంగేనా? కాడను వేళ్ల మధ్య తిప్పితే మూడు అంచులు తగిలితే తుంగ. గోధుమరంగు కండె నిలబడితే జమ్ము. లోపల బోలుగా, వెదురులా కణుపులుంటే కిక్కిస. పత్రికలవారు మూడింటినీ కలిపి "రెల్లు" అని రాసేస్తారు. తెల్లటి పూలతో శరత్తులో మెరిసే రెల్లు వేరు.

ఫిలడెల్ఫియా సభ్యురాలు:
నిన్న వెళ్లి చూశాను. లోతట్టు బురదలో పసుపు కలువలు. దాని పైమెట్టున అడవి వరి, ఇప్పుడు నా తల దాటి ఉంది. చలికాలంలో అదే చోట బురద తప్ప ఏమీ ఉండదు. అది ఏటా విత్తనం నుంచే లేవాలి. ఇంకా ఎగువన జమ్ము. కిక్కిస కూడా ఉంది, కానీ ఇక్కడ దాన్ని చొరబాటుదారుగా చూసి నరికేస్తున్నారు.

కొల్లేటి మాస్టారు:
మా పక్షులు దాక్కునే కిక్కిసకు అక్కడ ఆ గతా! మీ జాతి, మా జాతి వేరైనా అన్నదమ్ములే. మొత్తానికి మీ మామయ్యగారి మాట సగమే నిజం. పూడ్చినదాన్నంతా తుంగ అనలేం.

ఫిలడెల్ఫియా సభ్యురాలు:
వాక్యం మార్చేశాను: "కలువను, వరిని, జమ్మును కలిపి పూడ్చారు." శీర్షిక "మంచినీటి పోటు" అని పెట్టాను. బాగుందా?

తిరుపతి సభ్యుడు:
మా ఊళ్లో పోటు అంటే శ్రీవారి లడ్డూలు చేసే వంటశాల. మంచినీటి పోటు అంటే అక్కడ పానకం కాస్తున్నారనుకుంటారు.