అద్దె జిరాక్స్ మిషను మొరాయించింది, అడ్వాన్సు పోయినట్టేనా?

బ్రాడీపేట జిరాక్స్:
గుంటూరు బ్రాడీపేటలో నాకు చిన్న షాపు ఉంది. ఒకాయన దగ్గర పెద్ద మిషను అద్దెకు తీసుకున్నా, నెలకు 8,000, అడ్వాన్సు 40,000, రెండేళ్ల అగ్రిమెంటు, రిపేర్లన్నీ ఆయనే చేయించాలి. మూడో వారం నుంచే ప్రతి కాపీ మీదా పైనుంచి కిందకి నల్ల గీత. హాల్ టికెట్ తీస్తే ఆ గీత సరిగ్గా ఫొటోలో ముఖం మీదుగా పోతోంది, పిల్లలు నవ్వుకుంటూ పక్క షాపుకి పోతున్నారు. ఫోన్ చేస్తే ‘రేపు కుర్రాణ్ణి పంపిస్తా’ అంటాడు, నలభై రోజులైంది. ఒళ్లు మండి ఈ నెల అద్దె ఆపేశా. ఇప్పుడు అడ్వాన్సు రాదంటున్నాడు. ఏం చేయమంటారు?

ఆటోనగర్ మావయ్య:
ముందు ఆ గీత పడుతుండగా వీడియో తీసి పెట్టుకో. నేను విజయవాడలో అద్దె జనరేటర్ ఇలాగే పాడైతే కోపంతో తీసుకెళ్లి వాళ్ల గోడౌన్‌లో పడేసి వచ్చా, రసీదు లేదు. చివరికి పాడుచేసింది నేనే అన్నారు.

బెజవాడ ప్లీడర్:
చెప్పాపెట్టకుండా అద్దె ఆపడమే మీరు చేసిన పొరపాటు, ఆయనకు మాట దొరికింది. మీ పాయింటు మాత్రం గట్టిదే. 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 150 ప్రకారం అద్దెకిచ్చిన వస్తువులో లోపం వల్ల మీకు నష్టం జరిగితే, ఆ లోపం తనకు తెలియదన్నా అద్దెకిచ్చినవాడిదే బాధ్యత. స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, 30 రోజుల్లో బాగుచేయకపోతే వేరేచోట మిషను తీసుకుని ఆ ఖర్చు మీ దగ్గరే వసూలు చేస్తా అని రాయండి. 2018 సవరణ తర్వాత స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 20లో ఈ దారి ఉంది. అయితే అలా వేరే మిషను తెచ్చుకున్నాక ఇదే మిషను బాగుచేసి ఇవ్వాలని కోర్టుని అడగలేరు. అడ్వాన్సంతా మింగేస్తానంటే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 అడ్డొస్తుంది, తప్పు మీదే అనుకున్నా న్యాయమైన నష్టం వరకే పట్టుకోవాలి. కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్తే వ్యాపారం కోసం తీసుకున్నారని అడ్డుపుల్ల వేస్తారు, సివిల్ కోర్టే మేలు, కేసు వేయడానికి గడువు మూడేళ్లు.

బ్రాడీపేట జిరాక్స్:
థాంక్స్ సర్. పోయిన గిరాకీ కూడా అడగొచ్చా? కౌన్సెలింగ్ సీజన్ కోసమే తీసుకుంటున్నా అని అగ్రిమెంటుకు ముందే వాట్సాప్ పెట్టా.

బెజవాడ ప్లీడర్:
ఆ మెసేజ్ డిలీట్ చేయకండి! నష్టం వస్తుందని ఆయనకు ముందే తెలుసని చూపించాలి, కాంట్రాక్టు చట్టంలో నష్టపరిహారం ఇప్పించే సెక్షన్ 73కి అదే కావాలి. పాత నెలల బిల్లు పుస్తకం కూడా తీసి ఉంచండి.