గ్రామసభ తీర్మానంలో ఏం రాయాలి? బడిపిల్లల మత్తు అలవాటుపై సందేహాలు

శారదానది (ప్రశ్న):
అందరికీ నమస్కారం. మాది అనకాపల్లి జిల్లా, నర్సీపట్నం వెళ్లే రోడ్డు పక్క ఊరు. ఒక జిల్లా పరిషత్ హైస్కూలు, రెండు ప్రైవేటు బళ్లు ఉన్నాయి. చెరువు గట్టు మీద పంక్చర్లకు వాడే సొల్యూషన్ ట్యూబులు, దాన్ని పోసి పీల్చే ఖాళీ పాలకవర్లు దొరుకుతున్నాయి. గంజాయి పొట్లాలు కూడా వస్తున్నాయని అంటున్నారు. అక్టోబరు 2 గ్రామసభలో తీర్మానం పెట్టాలనుకుంటున్నారు, ముసాయిదా నన్ను రాయమన్నారు. ఇంతవరకు వచ్చిన సలహాలు: దొరికిన పిల్లాడి ఇంటికి 5,000 జరిమానా, పేరు మైకులో చదవడం, పోలీసులతో ఒక సదస్సు, ఊరి మొదట్లో ‘మత్తు రహిత గ్రామం’ బోర్డు. వీటిలో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

లా నోట్సు:
మొదటి రెండూ కొట్టేయండి. ఇలాంటి జరిమానా వేసే అధికారం పంచాయతీకి లేదు. ఎవరైనా కోర్టుకెళ్తే తీర్మానం మొత్తం పోతుంది. పిల్లల పేర్లు బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం ఉద్దేశానికే విరుద్ధం. చట్టం సంగతి పక్కనపెట్టినా, 5,000 అనగానే తల్లిదండ్రులు దాచిపెడతారు. పిల్లాడి జేబులో ట్యూబు మొదట కనబడేది అమ్మకే. ఆమె నోరు నొక్కేశాక మీకు కబురు ఎవరు చెబుతారు?

తీర్మానం అమ్మేవాడి మీద ఉండాలి. మీకు పనికొచ్చే సెక్షన్లు ఇవి. పొగాకు నియంత్రణ చట్టం (2003) సెక్షన్ 6: 18 ఏళ్లలోపు వాళ్లకి అమ్మకూడదు, విద్యాసంస్థకు 100 గజాల లోపల అసలే అమ్మకూడదు. జరిమానా 200 రూపాయలు మాత్రమే, దానికి కొట్టువాడు భయపడడు. భయపడేది జువెనైల్ జస్టిస్ చట్టం (2015) సెక్షన్ 77కి: డాక్టరు చెబితే తప్ప పిల్లలకి మద్యం, మత్తు పదార్థం, పొగాకు ఇచ్చినా, ఇప్పించినా ఏడేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష వరకు జరిమానా. సెక్షన్ 78 ఇంకోటి. పిల్లలతో మత్తు పదార్థాలు అమ్మించినా, మోయించినా పెద్దవాడికి అంతే శిక్ష. మీది ఏజెన్సీ నుంచి సరుకు దిగే దారి కాబట్టి ‘బ్యాగు బస్టాండు దాకా ఇచ్చిరా, ఐదొందలిస్తా’ అనే బేరం మీ పిల్లల దాకా రావచ్చు. 78వ సెక్షన్ పెద్ద అక్షరాలతో రాసి బస్టాపులో పెట్టండి. బోర్డు పెట్టాలన్న సరదా కూడా అలా తీరుతుంది.

బెల్లం మార్కెట్:
ఇదంతా కాగితాల పని అన్నా. సారా ఉద్యమంలో నెల్లూరు ఆడవాళ్లు కాగితాలు చూసుకుంటూ కూర్చున్నారా? మహిళా సంఘాలు రోడ్డెక్కితే నెలలో తేలిపోతుంది.

లా నోట్సు:
తమ్ముడూ, 1992లో దూబగుంటలో కదలిక మొదలయ్యేసరికి అక్కడ అక్షరాస్యత కేంద్రాలున్నాయి. రోజూ రాత్రి ఒకచోట కూర్చునే ఆడవాళ్లున్నారు. అంతకన్నా ముఖ్యం, సారాకి కొట్టుంది, లైసెన్సుంది, వేలంపాట ఉంది. పాట జరగనివ్వకపోతే సరుకు ఆగింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. గంజాయికి పాట లేదు, కొట్టు లేదు. బండి మీద వచ్చి పది నిమిషాల్లో పోయేవాడి ఎదుట మహిళా సంఘాన్ని నిలబెడితే వాళ్లకి ప్రమాదం, వాడికి హెచ్చరిక. గంజాయి విషయంలో సంఘం చేయాల్సింది సమాచారం ఇవ్వడం వరకే: ఈగల్ (రాష్ట్ర పోలీసుల మత్తు నిరోధక విభాగం) నంబరు 1972కి ఫోన్ చేసి చోటు, వేళ, బండి రంగు చెప్పాలి. సంఘం బలం అసలు పనికొచ్చేది కిరాణా, కిల్లీ కొట్లు, బెల్టు షాపుల దగ్గర. అక్కడ ఎదురుగా ఉన్నది తెలిసిన మనిషి, అప్పు పుస్తకంలో సగం పేర్లు సంఘం సభ్యులవే.

కౌన్సెలింగ్ గది:
శారదానది గారూ, ముసాయిదా కంటే ముందు ఒక సంగతి ఇవాళే ఊళ్లో చెప్పండి. గట్టు మీద సొల్యూషన్ పీలుస్తున్న పిల్లల్ని కేకలేసి తరమకండి. పంక్చర్ సొల్యూషన్, థిన్నర్, వైట్‌నర్ లాంటి వాటిలోని ద్రావకాలు గుండెను ఎలా చేస్తాయంటే, ఆ సమయంలో భయంతోనో పరుగుతోనో అడ్రినలిన్ ఒక్కసారిగా పెరిగితే గుండె లయ తప్పి అక్కడికక్కడే ఆగిపోవచ్చు. మొదటిసారి పీల్చినవాడికీ ఇలా జరగవచ్చు. పక్కనే చెరువు కూడా ఉందంటున్నారు.

మామూలు గొంతుతో పిలవండి. కవరు, గుడ్డ తీసేసి గాలి తగిలే చోట కూర్చోబెట్టండి. దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల వద్దు, ఆ ద్రావకం భగ్గుమంటుంది. తూలుతుంటే ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, వాంతయితే గొంతుకి అడ్డం పడకుండా. నోట్లో నీళ్లు, మజ్జిగ, నిమ్మరసం పోయొద్దు. పలక్కపోయినా, ఊపిరి సరిగా ఆడకపోయినా 108. మందలింపు మర్నాటికి వాయిదా వేయండి.

ద్రావకాలు చిన్నపిల్లల సమస్యేనన్నది గుర్తుంచుకోండి. 2019లో వెలువడిన జాతీయ సర్వేలో పీల్చే మత్తులు వాడేవాళ్లు పెద్దల్లో 0.58 శాతమైతే, 10-17 ఏళ్ల పిల్లల్లో 1.17 శాతం. పిల్లల శాతం పెద్దల కంటే ఎక్కువున్న మత్తు ఇదొక్కటే. గంజాయి పేరుతో కాలేజీ కుర్రాళ్ల వెంటపడి ఆరు, ఏడు తరగతుల్ని వదిలేయకండి.

శారదానది:
చాలా మేలు చేశారు మేడమ్. ఆ మాట రాత్రికే వాట్సాప్ గ్రూపులో పెడతాను. సొల్యూషన్ అమ్మడం నేరం కాదు కదా, కొట్టువాళ్లని ఏమని అడగాలి?

కౌన్సెలింగ్ గది:
అది ఒప్పందంగానే చేయాలి. సైకిల్ షాపు, హార్డ్‌వేర్, ఫ్యాన్సీ, కిరాణా వాళ్లని ఒకచోట కూర్చోబెట్టండి, ఎవరినీ నిందించకుండా. నాలుగు మాటలు ఒప్పుకుంటే చాలు. సొల్యూషన్, థిన్నర్, పెయింటు కొట్టు సరుకు కౌంటరు వెనక పెట్టాలి. యూనిఫాంలో ఉన్నవాళ్లకి, 18 లోపు వాళ్లకి విడిగా ఇవ్వకూడదు. సైకిల్ తెస్తే షాపువాడే పంక్చరు వేసివ్వాలి. వైట్‌నర్ పెన్ను రకమే తేవాలి. అందరూ ఒకేరోజు సంతకం చేయాలి. ఒక్క కొట్టు బయట మిగిలినా బేరమంతా అక్కడికి పోతుంది, మిగతావాళ్లు వారంలో జారిపోతారు. నెలకోసారి సచివాలయం మహిళా పోలీసు, సంఘం లీడరు కలిసి కొట్లన్నీ చుట్టి రావాలి. పిల్లాడిని పంపించి కొనిపించి పట్టుకునే నాటకాలు మాత్రం వద్దు.

ఫార్మసిస్టు:
మందుల షాపుని మరిచిపోయారు. ఆల్ప్రజోలం (ఆందోళన తగ్గించే మాత్ర), ట్రమడాల్ (నొప్పి మాత్ర), కోడీన్ ఉన్న దగ్గు మందు షెడ్యూల్ హెచ్1 అనే కట్టుదిట్టమైన మందుల జాబితా కిందకి వస్తాయి. చీటీ లేకుండా ఇవ్వకూడదు. రాసిన డాక్టరు, రోగి, మందు, ఎంత ఇచ్చారు అన్నవి వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. ఆ రిజిస్టరు చూపించమని అడిగే హక్కు గ్రామ కమిటీకి లేదు, డ్రగ్స్ ఇన్‌స్పెక్టరుకి ఉంది. కాబట్టి తీర్మానంలో ‘తనిఖీ చేస్తాం’ అని రాయకండి, ‘ఆరు నెలలకోసారి తనిఖీ కోరుతూ ఔషధ నియంత్రణ శాఖకు లేఖ’ అని రాయండి.

పంతులమ్మ:
పోలీసు సదస్సు గురించి. తప్పు కాదుగానీ దానితో పని జరిగిందనుకోకండి. మత్తు వాడకం నివారణపై ఐక్యరాజ్యసమితి విభాగం యూఎన్ఓడీసీ ఇచ్చిన ప్రమాణాల్లోనే ఉంది: భయపెట్టే ఉపన్యాసాలు, మానేసినవాళ్ల అనుభవాలు చెప్పించడం, పోలీసులతో పాఠం చెప్పించడం వాడకాన్ని తగ్గించవని. అమెరికాలో 1983లో మొదలైన డేర్ కార్యక్రమంలో పోలీసులే బళ్లకెళ్లి పాఠాలు చెప్పారు. తర్వాతి అధ్యయనాల్లో పిల్లల వాడకంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. స్లైడ్లలో పదిరకాల మాత్రల ఫొటోలు, ధరలతో సహా చూపించేవాళ్లుంటారు. అది అవగాహన కాదు, క్యాటలాగు.

పనిచేసేది వారానికొక పీరియడు చొప్పున పది పన్నెండు వారాలు, తరగతి టీచరే, పిల్లలతో చేయించే పాఠం. ఉదాహరణకి: సైకిల్ స్టాండు దగ్గర రెండేళ్లు పెద్దవాడు ‘ఒక్కసారి రా, ఏం కాదు’ అన్నాడు. ఇద్దరిద్దరు పిల్లలు నిలబడి జవాబు చెప్పాలి. మొదటి రౌండులో అందరూ ‘మత్తు ఆరోగ్యానికి హానికరం’ అని పుస్తకం మాట చెబుతారు. ఆపి అడగండి, నిజంగా ఇలాగే అంటారా అని. రెండో రౌండులో అసలు మాటలు వస్తాయి: ‘మా నాన్న బండి వస్తోంది’, ‘నాకు పడదురా, క్రికెట్‌కి పోతున్నా’. ఆ మాటలు పదిసార్లు నోట పలికినవాడికి సమయానికి అవే వస్తాయి. 30 మందికి మించితే రెండు గుంపులు చేయండి. మరుసటి ఏడాది మూడు నాలుగు పీరియడ్లు మళ్లీ చేయాలి, లేకపోతే నిలవదు. బడిలో ఈగల్ క్లబ్బు ఉంటే దాని కిందే పెట్టేయండి, కొత్త కమిటీ అక్కర్లేదు.

శారదానది:
అసలు ఎంతమంది పిల్లలు వాడుతున్నారో తెలియకుండా మొదలుపెట్టడం సరేనా? పదిమందా, వందమందా?

పంతులమ్మ:
మంచి ప్రశ్న. పేరు లేని సర్వే చేయండి, ఎనిమిది నుంచి పదో తరగతి వరకు. ఒక కాగితం, 15 ప్రశ్నలు, టిక్కు మాత్రమే. రాయిస్తే చేతిరాత పట్టిస్తుంది. పేరు, రోల్ నంబరు, కులం ఏదీ వద్దు. ‘గత 30 రోజుల్లో ఎన్నిసార్లు’ అని అడగాలి. ‘ఎప్పుడైనా’ అంటే జవాబు దేనికీ పనికిరాదు. ప్రశ్నల్లో సగం వేరేవి ఉండాలి: సాయంత్రం ఐదు తర్వాత ఎక్కడుంటావు, ఇంట్లో ఎవరితో మాట్లాడతావు, రాత్రి ఎన్నింటికి పడుకుంటావు. మార్పు తేగలిగేవి అవే. మధ్యలో లేని మత్తు పేరు ఒకటి కల్పించి పెట్టండి. దానికీ ‘వాడాను’ అని టిక్కు పెట్టిన కాగితాలు గొప్పల కోసం నింపినవి, పక్కన పెట్టేయవచ్చు.

టీచరు బెంచీల మధ్య తిరగకూడదు. కాగితం మడిచి పిల్లాడే పెట్టెలో వేయాలి. తల్లిదండ్రులకి ముందే చీటీ పంపాలి, వద్దన్నవాళ్లని వదిలేయాలి. లెక్క బడి మొత్తానికి కలిపి చెప్పండి. ‘9-బిలో ముగ్గురు’ అన్నారంటే సాయంత్రానికి ఆ ముగ్గురి పేర్లు ఊరంతా తిరుగుతాయి. వచ్చే ఏడాది అదే నెలలో, అవే ప్రశ్నలతో మళ్లీ చేస్తే తేడా తెలుస్తుంది.

పీఈటీ:
సాయంత్రం ఐదు తర్వాత అన్నారు కదా, అసలు కిటుకు అక్కడే ఉంది. ఐస్‌లాండ్‌లో 1998లో 15-16 ఏళ్ల పిల్లల్లో 42 శాతం అంతకుముందు నెలలో తాగి తూలినవాళ్లే. 2016కి 5 శాతం. అక్కడ ఉపన్యాసాలు పెంచలేదు. ఏటా సర్వే చేశారు, ఆటలకీ సంగీతానికీ డబ్బిచ్చారు, రాత్రిపూట పిల్లలు బయట ఉండే వేళకి హద్దు పెట్టారు. తల్లిదండ్రులే జట్లుగా వీధులు తిరిగారు. వాళ్ల డబ్బు మన పంచాయతీకి లేదు, కానీ వాలీబాల్ కోర్టుకి 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు చోటు చాలు. చుట్టూ మూడేసి మీటర్లు వదలండి. స్తంభాలు గీతకి ఒక మీటరు అవతల పాతండి. లైట్లు పక్క గీతల వైపు పెట్టాలి, కోర్టు వెనక పెడితే సర్వీసు అందుకునేవాడి కళ్లలో పడతాయి.

ఎక్కడ చెడుతుందంటే, లైట్లు వెలిగిన వారానికే పాతికేళ్ల కుర్రాళ్లు కోర్టు ఆక్రమిస్తారు. ఆట అయ్యాక సీసాలు అక్కడే తెరుస్తారు. మీరు ఏ పిల్లల కోసం వేశారో వాళ్లు గోడ మీద కూర్చుని చూస్తారు. అందుకే వేళలు తీర్మానంలోనే రాయండి: 5 నుంచి 6 ఆడపిల్లలు, 6 నుంచి 7.30 బడిపిల్లలు, తర్వాత పెద్దవాళ్లు. 9కి లైట్లు ఆపాలి. తాళం, స్విచ్చు ఒకరి చేతిలో ఉండాలి, ఆ మనిషికి నెలకి ఎంతో కొంత ఇవ్వాలి. ఉచితంగా చేస్తానన్నవాడు దసరా దాకా వస్తాడు.

శారదానది:
ఇప్పటికే అలవాటు పడ్డ పిల్లల సంగతి ఏం రాయాలి? స్టేషన్‌లో చెబితే కేసవుతుందని తల్లులు భయపడుతున్నారు.

కౌన్సెలింగ్ గది:
మొదటి తలుపు స్టేషన్ కాకూడదు. ఏఎన్ఎం దగ్గర మొదలవ్వాలి, అక్కడి నుంచి పీహెచ్‌సీ, తర్వాత జిల్లా ఆసుపత్రి మానసిక విభాగం లేదా విశాఖ చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రి. మత్తు విముక్తి సలహాకి 14446, పిల్లల రక్షణకి 1098, మనసు బాగోకపోతే 14416. ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తు పదార్థాల నియంత్రణ చట్టం) సెక్షన్ 64ఎ కూడా తెలుసుకోండి: అలవాటు పడిన మనిషి వాడకం కేసులోనో, కొద్ది మోతాదు దొరికిన కేసులోనో ఉన్నా, తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్నచోట చికిత్సకి వెళ్లి పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు.

గంజాయి మానినవాడికి మొదటి వారం నిద్ర పట్టదు, తిండి సహించదు, చీటికిమాటికి కోపం. రెండు వారాల్లో చాలావరకు సర్దుకుంటుంది. ఇంట్లోవాళ్లకి ఇది ముందే చెప్పకపోతే ‘ఇంకా చెడిపోయాడు’ అని కొడతారు. మద్యం, ఆల్ప్రజోలం రోజూ వాడేవాళ్లు మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు, ఫిట్స్ రావచ్చు. డాక్టరు చేతిలోనే తగ్గించాలి. గదిలో పెట్టి తాళం వేసే ప్రైవేటు ‘సెంటర్ల’ జోలికి పోవద్దు. మానసిక ఆరోగ్య చట్టం (2017) కింద రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. గొలుసులతో కట్టడం ఆ చట్టం ప్రకారం నిషేధం.

లా నోట్సు:
ఇంతవరకు వచ్చినవి కలిపి నమూనా రాశాను, మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి:

‘18 ఏళ్లలోపు వారికి పొగాకు, మద్యం, పీల్చే ద్రావకాలు అమ్మబోమని ఊళ్లోని దుకాణదారులు చేసిన సంతకాలను సభ నమోదు చేసుకున్నది. దుకాణాల నెలవారీ పర్యటన బాధ్యత మహిళా పోలీసు, గ్రామైక్య సంఘం అధ్యక్షురాలిది. ఆటస్థలం వేళలు, తాళం బాధ్యత జతపరచిన పట్టికలో ఉన్నవి. ఏ పిల్లవాని పేరూ ఏ సభలోనూ చదవరాదు. జరిమానా, వెలి, దండన ఉండవు. సహాయం కోరిన కుటుంబాన్ని ఏఎన్ఎం ఆసుపత్రికి పంపును. బడి సర్వే మొత్తం లెక్కలు వచ్చే అక్టోబరు 2న సభ ముందుంచవలెను.’

పేరుకు బదులు హోదా రాయండి, మనిషి బదిలీ అయినా పని ఆగదు.

శారదానది:
అందరికీ ధన్యవాదాలు. చివరగా ఒకటి. 100 గజాలు గేటు నుంచి కొలవాలా? గేటు నుంచి కొలిస్తే వెనకవైపు కిల్లీ కొట్టు తప్పించుకుంటోంది.

లా నోట్సు:
ప్రహరీ బయటి అంచు నుంచి, అన్ని వైపులా, తిన్నగా. రోడ్డు వంపులు లెక్కలోకి రావు. 100 గజాలంటే 91 మీటర్ల 44 సెంటీమీటర్లు. 30 మీటర్ల టేపు మూడుసార్లు వేసి, మరో మీటరున్నర కలపండి. కొలిచిన చోట రోడ్డు మీద పసుపు గీత వేయించండి, కొట్టు యజమానిని పక్కన నిలబెట్టి.