థియరీ ముందా, చేతిపని ముందా?

ప్రశ్న_వేసినవారు:
టెక్నికల్ కోర్సుల్లో ఎప్పుడూ ఇదే గొడవ. నెలల తరబడి థియరీ చెబుతూ పోతే పని ఎప్పుడు వస్తుంది? ఒట్టి పనే నేర్పితే, ఎన్నడూ చూడని ఫాల్ట్ వచ్చిన రోజు గతేమిటి? మీరేమంటారు?

వర్క్‌షాప్_మనిషి:
నా ఓటు చేతిపనికే. గనుల్లో నీళ్లు తోడే న్యూకమెన్ ఆవిరి ఇంజన్ వచ్చింది 1712లో. అలాంటి ఇంజన్ల సామర్థ్యానికి హద్దేమిటో సిద్ధాంతంగా చెప్పిన కార్నో పుస్తకం 1824 నాటిది. థియరీ వచ్చేదాకా ఆగి ఉంటే గనుల్లో నీళ్లు తోడేవారెవరు?

ఎందుకు_ఎలా:
మధ్యలో జేమ్స్ వాట్‌ను వదిలేశారండీ. ఆయనా పనివాడే. న్యూకమెన్ ఇంజన్ నమూనా రిపేరుకొస్తే బాగుచేసి ఊరుకోలేదు, ఇంత ఆవిరి ఎటు పోతోందని కొలిచి చూశాడు. ఒకే సిలిండరును ప్రతిసారీ వేడిచేయడం, మళ్లీ చల్లార్చడం! వృథా అంతా అక్కడే. ఆవిరిని చల్లార్చడానికి వేరే పాత్ర పెట్టి 1769లో పేటెంట్ తీసుకున్నాడు.

మన కరెంటు పనిలోనూ అంతే. రెండు కొసలా విడిగా ఉన్న వైరు మీద డిజిటల్ మీటరు పెడితే ఒక్కోసారి 80 వోల్టులు చూపిస్తుంది. పద్ధతి మాత్రమే తెలిసినవాళ్లు ఎక్కడో లీకేజీ ఉందని గోడంతా వెతుకుతారు. మీటరు తప్పు చెప్పడం లేదు. పక్కనే సాగే లైవ్ (కరెంటున్న) వైరుకూ దీనికీ మధ్య కెపాసిటర్ లాంటి బంధం ఏర్పడి, రెండూ తాకకపోయినా కాస్త కరెంటు ఇటు వస్తుంది. మీటరు లోపలి నిరోధం సాధారణంగా 10 మెగా ఓమ్‌లు కాబట్టి, ఆ 80 వోల్టులు చూపడానికి 8 మైక్రోఆంపియర్లు చాలు. తక్కువ నిరోధమున్న టెస్టర్‌తో చూస్తే ఆ వోల్టేజీ దాదాపు సున్నాకి పడిపోతుంది. ఇదంతా ఓమ్ నియమమే, పరీక్షలో అందరూ రాసిందే.

వర్క్‌షాప్_మనిషి:
టెస్టర్ మార్చి చూడాలని సీనియర్లు ఎలాగూ చెబుతారు కదండీ. లెక్క ఎందుకు?

ఎందుకు_ఎలా:
పడిపోకపోతే? 80 దగ్గరే నిలబడితే అది నిజమైన సప్లై, ప్రాణాల మీదికొస్తుంది. ఏ రీడింగ్‌కు ఏం అర్థమో తెలియకుండా టెస్టర్ మార్చి లాభం లేదు. థియరీ అంతా ముందే కుక్కమని నేననను, ముందు చేత్తో పట్టుకోనివ్వాలి. కానీ ఇలాంటి రీడింగ్ వచ్చిన రోజు పని ఆపి, కాగితం మీద లెక్క వేయించాలి. నేర్పేవాళ్లు అక్కడే తొందరపడి జవాబు చెప్పేస్తున్నారు. నా బాధంతా అదే.

ప్రశ్న_వేసినవారు:
అయితే ప్రాక్టికల్ పరీక్షలో కావాలనే ఫాల్ట్ పెట్టిన సర్క్యూట్ ఇచ్చి, చేయి పెట్టేముందే కారణం ఏమై ఉంటుందో రాయమంటే?

వర్క్‌షాప్_మనిషి:
అది పెడితే నాకు సమ్మతమే. మార్కులు మాత్రం బాగుచేసినదానికీ వేయాలి.