కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో మంచు లేని జనవరి చూసినోళ్లు ఎవరన్నా ఉన్నారా?

గుత్తిరోడ్డు_అనంతపురం:
మేము 2024లో సంక్రాంతి సెలవులకు పోయినాము. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లోళ్లు, మా అత్తమ్మ. మంచు చూడాలని అత్తమ్మకు ఎన్నేండ్ల కోరికో, అనంతపురంలో పుట్టి పెరిగిన మనిషికి వానే అపురూపం, ఇంక మంచు సంగతి చెప్పేదేముంది. కర్ణాటక ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ, ఆడ్నుంచి శ్రీనగర్‌కు ఫ్లైటు. గుల్మార్గ్ కొండ కిందుండే టంగ్‌మార్గ్‌లో కోట్లు, బూట్లు బాడుగకు తీసుకున్నాము. ఆ అంగడాయన మా మొహాల్లోకి చూడకుండానే ఇచ్చినాడు, ఎందుకో పైకి పోయినాక తెలిసింది. గుల్మార్గ్ మైదానమంతా ఎండిన గడ్డి. శెనక్కాయ పీకేసినాక మన చేన్లు ఎట్లుంటాయి, అచ్చం అట్ల. దూరంగా అఫర్వత్ కొండ నెత్తిన మాత్రం కొంచెం తెల్లగా కనపడింది.

స్లెడ్జ్, అంటే మంచు మీద జారే చెక్కబండి, లాగే ఒకాయన దాన్ని బోర్లేసి పక్కన కూర్చోనుంటే మా అత్తమ్మ పోయి తెలుగులోనే అడిగింది, ఏం నాయనా మంచు యాడబ్బా అని. ఆయన ఆకాశం వైపు చెయ్యి చూపించినాడు, అంతే. ఆమె ఇంగేమీ అడగలేదు, సంచిలోంచి నువ్వుల ఉండలు తీసి ఆయన చేతిలో పెట్టి వచ్చింది. "ఆరుద్ర కార్తె ఒట్టిపోయినట్లుంది పాపం వీళ్లకి" అనింది నాతో. ఆ మాట నాకు ఇప్పటికీ పోలేదు. ఇది ఆ ఒక్క ఏడేనా, వేరే ఏండ్లలో పోయినోళ్లు కూడా ఇట్ల చూసినారా?

బురుజుకాడ_కర్నూలు:
సర్వీసులో ఉన్నప్పుడు ఆ పక్క మూడు చలికాలాలు గడిపినాను అక్కా, మీ అత్తమ్మ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మనకు కార్తెలు ఉన్నట్లే వాళ్లకూ లెక్క ఉంది. డిసెంబర్ 21 నుంచి 40 రోజులు చిల్లై కలాన్, తర్వాత 20 రోజులు చిల్లై ఖుర్ద్, ఆ తర్వాత 10 రోజులు చిల్లై బచ్చా. ఆ మొదటి 40 రోజుల్లో పడిన మంచే గట్టిపడి కొండల మీద నిలబడేది, అదే వాళ్లకు ఎండాకాలం నీళ్లు. ఫిబ్రవరి చివర్లో పడేది తడి మంచు, ఎండ తగిలితే జారిపోతుంది. మృగశిరలో పడాల్సిన వాన స్వాతిలో పడితే మనకు ఏం ప్రయోజనమో అదీ అంతే.

ఇంకోటి, మంచు పడలేదంటే చలి లేదని కాదు. మబ్బు లేకపోతే పగలు ఎండ బాగా కాస్తుంది, రాత్రి ఉన్న వేడంతా పైకి పోయి ఎముకలు కొరికేస్తుంది. ఫెరన్ అనే పొడుగు అంగీ లోపల కాంగ్డీ, అదే నిప్పుల కుంపటి, పెట్టుకోని తిరుగుతారు జనం. పొడి చలికి పిల్లోళ్లకు దగ్గులు ఇడవవు.

వేంపల్లె_సోషల్‌టీచర్:
కారణం కూడా చెప్పుకుందాం. మనకు నైరుతి ఎట్లనో కశ్మీర్ చలికాలానికి వెస్టర్న్ డిస్టర్బెన్స్‌లు అట్ల. మధ్యధరా సముద్రం వైపు పుట్టి ఇరాన్, అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ మీదుగా తేమ మోసుకోని వస్తాయి, హిమాలయాలకు తగిలి మంచు కురిపిస్తాయి. 2023 డిసెంబర్లో, 2024 జనవరిలో బలమైనవి దాదాపు రానేలేదు. ఎల్‌నినో, అంటే పసిఫిక్ సముద్రం వేడెక్కి మన వానల్ని దెబ్బతీసేది, నడుస్తున్న ఏడాది కూడా అది. మనోళ్లు మర్చిపోయి ఉండరు, 2023 ఆగస్టులో వాన మొహం చాటేసింది కదా, 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశం మొత్తానికి అంత పొడి ఆగస్టు లేదు. అంటే ఆగస్టులో మనం ఆకాశం చూసినాం, జనవరిలో వాళ్లు చూసినారు. మనం కప్పకావిడి కట్టి ఇంటింటికీ తిరిగి నీళ్లు పోయించుకున్నట్లే వాళ్లు మసీదుల్లో, ఈద్గాల్లో వానకోసం చేసే ప్రత్యేక నమాజు చదివినారు. ఈ మాట మా పిల్లలకు క్లాసులో చెప్తే ఒక్కరు కూడా అల్లరి చెయ్యలేదు.

చీనీతోట_తాడిపత్రి:
టూరిస్టుల సంగతి పక్కన పెడితే అసలు దెబ్బ ఆపిల్ రైతుకు. మా చీనీకాయలు ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీకి పోతాయి, 2020లో అనంతపురం నుంచి కిసాన్ రైలు వేసినప్పటి నుంచి నేను కూడా రెండు మూడుసార్లు పోయినాను. ఆడ కశ్మీర్‌లో ఆపిల్ తోటలుండే షోపియాన్ పక్కనుంచి వచ్చిన ఒక తోటాయన పరిచయమైనాడు, నాకొచ్చిన ముక్కల హిందీ ఆయనకొచ్చిన ముక్కల హిందీ కలిపి గంటసేపు మాట్లాడుకున్నాము. ఆపిల్ చెట్టు చలికాలమంతా నిద్రపోవాల, దాదాపు వెయ్యి గంటలు 7 డిగ్రీల కిందే ఉండాలంట. చలి చాలకుండా ముందే ఎండ వచ్చిందంటే మొగ్గ తొందరపడి విచ్చుకుంటాది, తర్వాత ఒక్క రాత్రి గడ్డకట్టే చలి పట్టినా పూత మాడిపోతాది. మంచి చలికాలం లేకపోతే బోరు కూడా ఎండుతాది అన్నాడు. బోరు మాట వినేసరికి నాకు నోరు పెగల్లేదు. మా తోటలో మూడు బోర్లు ఫెయిలైనాయి, నాలుగోది వేసేటప్పుడు మా నాయిన రిగ్గు పక్కన తెల్లవార్లూ నిలబడినాడు.

పసిడిపురి_ప్రొద్దుటూరు:
జనవరి 10కి బుక్ చేసినామండీ, ఇదంతా చదివి గుండె జారింది. హోటల్ వాళ్లు డబ్బులు వెనక్కి రావంటున్నారు. ఏం చెయ్యమంటారు?

పత్తిమిల్లు_ఆదోని:
డేట్ మార్చుకోవడానికి ఒప్పుకుంటారేమో అడగండి ముందు. ఫిబ్రవరి మొదటి సగం మేలు. అయినా గ్యారంటీ ఎవ్వరూ ఇవ్వలేరు, 2025లో నేను ఫిబ్రవరిలోనే పోయినా. గుల్మార్గ్‌లో ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ 22న మొదలు కావాల్సింది, మంచు చాలక వాయిదా వేసి మార్చిలో పెట్టినారు. ఆ ఫిబ్రవరిలోనే అనంతనాగ్ జిల్లా అచ్ఛబల్ ఊట ఎండిపోయింది, మొఘలుల కాలం తోటలో ఉంటాది అది. చుట్టుపక్కల ఊర్లకు తాగునీళ్లు దాని నుంచే. నేను పోయినప్పుడు జనం ఆ బండల మధ్య నిలబడి ఊరికే చూస్తాండారు. ఊట ఎండితే ఎట్లుంటాదో మనకు ఒకరు చెప్పాల్నా.

శ్రీనగర్ వాతావరణ కేంద్రం వాళ్ల సూచన పోయే ముందు వారం రోజులు రోజూ చూసుకోండి. వెస్టర్న్ డిస్టర్బెన్స్ వస్తాంది అని రాస్తే ధైర్యంగా ఎక్కండి. అప్పుడు టైర్లకు చైన్లు కట్టిన బండే మాట్లాడుకోండి, మామూలు కారు టంగ్‌మార్గ్ పైకి పోనీరు.

పసిడిపురి_ప్రొద్దుటూరు:
థాంక్సండీ. ఫిబ్రవరికి మార్చమని అడుగుతా. మంచు పడకపోయినా గుర్రం తోలేవాళ్లకు, స్లెడ్జ్ వాళ్లకు ఇవ్వాల్సింది ఇచ్చే వస్తాం, ఇంట్లో అనుకున్నాము.

గుత్తిరోడ్డు_అనంతపురం:
అందరికీ దండాలు. ఒకటి చెప్పడం మర్చిపోయినా, ఆ స్లెడ్జ్ ఆయన నంబర్ మా ఆయన తీసుకున్నాడు. జనవరి ఆఖర్లో మంచు మొదలైంది, ఫిబ్రవరి మొదటి వారంలో ఆయన వాట్సాప్‌లో వీడియో పెట్టినాడు, మేము నిలబడిన ఎండుగడ్డి జాగా అంతా మోకాలి లోతు తెలుపు, ఆయన కొడుకు అందులో పడి దొర్లుతాండాడు. అత్తమ్మకు చూపిస్తే అద్దాలు పెట్టుకోని నాలుగుసార్లు చూసింది. చూసి, "ఇది సరిపోతాదంటనా వాళ్లకి, అడుగు" అనింది. అడిగినాము. ఇంకో రెండు పదునులు పడాలంట.