గంటి పిండి చేదెక్కకుండా ఎలా?

మాది బొబ్బిలి. 2023 చిరుధాన్యాల సంవత్సరం హడావుడి తర్వాత, షుగర్ ఉన్నవాళ్లూ విశాఖలో స్థిరపడ్డవాళ్లూ చోడి పిండి (రాగులే), గంటి పిండి (సజ్జలే) అడిగి మరీ కొంటున్నారు, పేదోళ్ల తిండి అనుకున్నదానికి ఇంత గిరాకీ వచ్చింది కాబట్టి వదులుకోవాలని లేదు. చోడి పిండితో ఇబ్బంది లేదు. గంటి పిండే వారం పది రోజులకి చేదెక్కి, ప్యాకెట్ విప్పగానే ముక్కిన వాసన కొడుతోంది. గింజలు బాగా ఎండబెట్టి మర పట్టించాను, గాలి చొరని అరకిలో కవర్లలో సీల్ వేశాను, అయినా అంతే. గింజలో నూనె ఎక్కువ కదా, అదే కారణమట. దోరగా వేయిస్తే కాస్త ఆగింది గానీ రొట్టె విరిగిపోతోందంటున్నారు. ముందే గింజల్ని మరిగే నీళ్లలో ముంచి ఆరబెట్టాలని విన్నాను. అలా చేసి అమ్ముతున్నవాళ్లుంటే చెప్పండి, నీళ్లలో ఎంతసేపు ఉంచాలి?