ఆరేళ్ల పాపకు ఇంగ్లీషు క్లాసిక్ నవలలు: బొమ్మల పుస్తకాలతో ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న: పాప చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలు చదవగలదు. పాత నవలలను కుదించి బొమ్మలతో వేసిన పుస్తకాల్లో ముందు ఏది ఇవ్వాలి? తానే చదవాలా, నేను చదివి వినిపించాలా?

జవాబు 1: ముందు మీరే వినిపించండి. పుస్తకం మధ్యలో ఒక పేజీ తనతో చదివించి చూడండి. అయిదు కంటే ఎక్కువ మాటల దగ్గర ఆగితే, అది ఇప్పటికి వినే పుస్తకమే. ఒక పూటకు ఒక అధ్యాయం, పది నిమిషాలు చాలు. చదివే ముందు బొమ్మలు చూపించి ఏం జరుగుతుందో ఊహించమనండి. పేర్లు కలగాపులగం అయితే కథ అక్కడే వదిలేస్తారు. అందుకే పాత్రల బొమ్మలు ఒక కాగితం మీద గీసి పక్కన పెట్టుకోండి.

జవాబు 2: సంఘటనలతో నడిచే కథ కుదించినా నిలుస్తుంది. 'ట్రెజర్ ఐలాండ్' అలాంటిదే: మ్యాపు, ఓడ, నిధి. 'ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్' (1865) అలా కాదు, దాని సరదా అంతా మాటల ఆటలోనే ఉంది. అందుకే కాబోలు, దాని రచయిత లూయిస్ కారల్ పసిపిల్లల కోసం 1890లో 'ది నర్సరీ ఆలిస్' అని తానే తిరగరాశాడు. మొదటి పుస్తకానికి టెనియల్ అనే చిత్రకారుడు గీసిన బొమ్మల్లో 20 పెద్దవి చేసి, రంగులు వేసి అచ్చువేశారు. కథ బొమ్మల వైపు వేలు చూపిస్తూ నడుస్తుంది. మీ పాప వయసుకు చక్కగా సరిపోతుంది.

జవాబు 3: కొనేముందు చివరి అధ్యాయాలు మీరు చదవండి. 'ఆలివర్ ట్విస్ట్'లో హత్య ఉంది, కొన్ని కుదింపులు దాన్ని ఉంచుతాయి. ఆరేళ్లకు వద్దు.